తోలు తిత్తి ఎవరిది

మస్కట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎముకల వార్డులో నేను నర్సుగా చేరిన కొత్తలో, ఫిజియోథెరపీ గదిలో ఒక పొడుగాటి తెల్లాయన ఉండేవారు. వయసు అరవైకి దగ్గర పడుతోంది. పొద్దున్నే వార్డుకి వచ్చి, ఆపరేషనైన వాళ్ళని మంచం దింపి నాలుగు అడుగులు వేయించడం ఆయన పని. ఒకరోజు ఒక పేషంటు, తనని నడిపించడానికి ఎవరొస్తారని అడిగింది. "ఇంగ్లీషు సార్ వస్తారమ్మా" అన్నాను. తలెత్తి చూస్తే ఆయన గుమ్మంలోనే ఉన్నారు.

"సిస్టర్, నన్ను ఏమైనా అనండి. ఆ ఒక్క మాట మాత్రం అనకండి."

తప్పేం అన్నానో నాకు అర్థం కాలేదు. తెల్లవాళ్ళందరూ ఇంగ్లీషువాళ్ళే అనుకుంటూ పెరిగినదాన్ని. నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే ఆయన చాలా మర్యాదగా, "మీది కేరళ కదూ?" అని అడిగారు.

ఒమాన్‌లో నర్సు అంటే మలయాళీయే అనుకుంటారు. ట్యాక్సీ వాడి దగ్గర్నించి మెడికల్ డైరెక్టర్ దాకా ఆ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉన్నాను. "కాదండి, ఆంధ్ర. మాది నరసాపురం వైపు" అన్నాను, కొంచెం గట్టిగానే.

"అదిగో, ఇప్పుడు మీ మొహం ఎలా అయిందో ఇందాక నా మొహమూ అలాగే అయింది. నాది స్కాట్‌లాండ్" అన్నారు.

ఆ రోజు నించీ మాకు స్నేహం కుదిరింది. ఆయన నన్ను వార్డులో అందరి ముందూ "ఆంధ్రా సిస్టర్, కేరళ కాదు" అని పిలిచేవారు. నేను ఆయన్ని "స్కాట్‌లాండ్ సార్, ఇంగ్లండ్ కాదు" అనేదాన్ని. కొత్తగా చేరిన వాళ్ళు అవి మా పూర్తి పేర్లేమో అనుకునేవారు.

స్కాట్‌లాండ్ వాళ్ళు పిసినారులన్న సంగతి నాకు ఆసుపత్రిలో చేరాకే తెలిసింది. క్యాంటీన్‌లో ఆయన టీ తాగాక టీ బ్యాగుని పిండి, సాసర్ అంచున ఆరబెట్టి, పదకొండింటికి మళ్ళీ అదే వేసుకునేవారు. ఫిలిప్పీన్స్ నర్సులు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకునేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక కొత్త టీ బ్యాగు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"నిజం చెప్తాను, ఎవరికీ చెప్పకండి. రెండోసారి వేసిన టీ నాకు అస్సలు నచ్చదు. కానీ నేనీ పని చెయ్యకపోతే వాళ్ళు ఎంత నిరాశ పడతారో చూడండి."

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. నేనూ చేసేది అదేగా. గోదావరి వాళ్ళు మర్యాదలతో చంపేస్తారని మా హైదరాబాద్ ఫార్మసిస్టు అంటాడని, అతను ఎదురుపడినప్పుడల్లా నా సంచిలోంచి మిఠాయి డబ్బా తీసి, వద్దన్నకొద్దీ ఇంకొంచెం పెడుతుంటాను. అతనికి అదే కావాలి. స్కాట్‌లాండ్ వాళ్ళంటే విస్కీ, గోల్ఫు, ఎర్ర జుట్టు అంటారు. మా సార్ మందు తాగరు, ఎసిడిటీ. గోల్ఫు ఆడరు, సైకిలు తొక్కుతారు, ఎర్ర జుట్టు లేదు, అసలు జుట్టే లేదు. ఇన్ని లోటుపాట్లని పాపం ఒక్క టీ బ్యాగుతో పూడుస్తూ ఉండేవారు.

ఇలా ఉండగా మా ఐసీయూకి కొత్త వెంటిలేటర్లు వచ్చాయి. వాటి మీద మాకు శిక్షణ ఇవ్వడానికి అమెరికా నించి ఒకాయన వచ్చాడు. నా ఈడువాడే. భారీ మనిషి. తలుపులోంచి వస్తుంటే గదిలో వెలుతురు తగ్గేది. నవ్వితే పక్క వార్డు వాళ్ళు లేచి చూసేవారు. మొదటి రోజు క్యాంటీన్‌లో స్కాట్‌లాండ్ సార్ గొంతు వినగానే ట్రే పట్టుకుని పరుగున మా బల్ల దగ్గరికి వచ్చేశాడు.

"మీరు స్కాటిష్! నేనూ స్కాటిషే!"

"అలాగా? ఏ ఊరు?"

"నార్త్ కరొలైనా."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది స్కాట్‌లాండ్‌లో ఎటువైపు? ఉత్తరానా?"

"అబ్బే, మా ముత్తాతకి ముత్తాత అక్కణ్ణించి వచ్చాడు."

"ఎందుకు వచ్చేశాడో ఇంట్లో చెప్పాడా?"

"తెలీదు."

"గొర్రెలెత్తుకుపోయి ఉంటాడు. మా దేశం వదిలి వెళ్ళినవాళ్ళందరూ గొర్రెదొంగలే. మా అమ్మమ్మ అన్నదమ్ములతో సహా" అన్నారు సార్, కళ్ళజోడు పెట్టుకుంటూ.

అమెరికాయన కొంచెం కూడా నొచ్చుకోలేదు. తన పూర్వీకుడు గొర్రెదొంగ అని ఒక అసలు సిసలు స్కాట్‌లాండ్ మనిషి తేల్చి చెప్పినందుకు మురిసిపోయాడు. అది చూసి నాకు మా ఊరు గుర్తొచ్చింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ ఇంటిపేరు మన ఇంటిపేరూ ఒకటైతే చాలు, దిగేలోపు చుట్టరికం కలిపేసి "బాబాయ్" అనేస్తాం. ఈయనా అంతే. కాకపోతే సముద్రం అవతల నించి కలుపుతున్నాడు.

అక్కణ్ణించి రోజూ మధ్యాహ్నం మా బల్ల దగ్గర అదే పంచాయితీ. అమెరికాలో ఉన్నదంతా స్కాట్‌లాండ్ నించి వచ్చిందేనని అమెరికాయన వాదన. తమ కొండల్లో వాయించే ఫిడేలు స్కాట్‌లాండ్‌ది. ఊరంతా చేరి జంటలు మార్చుకుంటూ చేసే నాట్యం స్కాట్‌లాండ్‌ది. కొండవాళ్ళు రెండు కుటుంబాలుగా విడిపోయి తరాల తరబడి కొట్టుకోవడమూ స్కాట్‌లాండ్ నించి నేర్చుకున్నదే.

"అది మాదే, ఒప్పుకుంటాను. మా ఇంట్లో ఇప్పటికీ ఉంది" అన్నారు సార్.

"కోడి వేపుడు కూడా మీదే! నూనెలో ముంచి వేయించడం మీవాళ్ళే మా దేశానికి తెచ్చారు."

"క్షమించు నాయనా. మా నూనె మూకుడు చంపినంతమందిని ఏ యుద్ధమూ చంపలేదు. మీరు దాన్ని దేశమంతా పరిచారని తెలీదు."

"దెయ్యాల పండగకి గుమ్మడికాయకి కళ్ళూ నోరూ చెక్కి లోపల దీపం పెడతాం కదా, అది?"

ఆ మాటకి సార్ చెంచా కింద పెట్టేశారు. "గుమ్మడికాయా! మా చిన్నప్పుడు మేం టర్నిప్ దుంప చెక్కేవాళ్ళం. రాయిలా ఉంటుంది. చేతులు బొబ్బలెక్కేవి. మీరు అక్కడికెళ్ళి మెత్తటి కాయ దొరికిందని దానికి మరిగారు. అందుకే అంత లావయ్యారు."

నేను మధ్యలో కల్పించుకుని, మా ఊళ్ళో బూడిదగుమ్మడికాయ ఇంటిముందు దిష్టికి కడతారని చెప్పాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. "చూశారా, అది కూడా స్కాట్‌లాండే!" అన్నాడు అమెరికాయన. అతన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు.

ఒక్కచోట మాత్రం దొరికిపోయేవాడు. స్కాట్‌లాండ్‌లో చెరువుని 'లోఖ్' అంటారు, దాని చివర గొంతులోంచి గీరుకుంటూ వచ్చే 'ఖ' ఉంటుంది. అమెరికాయన ఎంత గింజుకున్నా 'క' దగ్గరే ఆగిపోయేవాడు. మా రిసెప్షన్‌లో కూర్చునే ఒమానీ అమ్మాయి అటుగా వెళ్తూ విని, అరబ్బీలో ఉన్నదే కాబట్టి, ఒక్కసారిలో తేలిగ్గా అనేసింది. సార్ లేచి నిలబడి ఆమెకి తలవంచారు. "నీకు రేపే స్కాట్‌లాండ్ పాస్‌పోర్టు ఇప్పిస్తాను. ఇతనికి మాత్రం ఇవ్వను."

ఆ నెలలోనే మోకాలు మార్పిడి ఆపరేషన్‌కి ఖురియాత్ నించి ఒక పెద్దాయన వచ్చారు. తెల్లటి గడ్డం, నిటారైన నడుము, ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకునే రకం. ఇక్కడ అందరూ పెద్దవాళ్ళని పిలిచినట్టే మేమూ ఆయన్ని బాబా అనేవాళ్ళం. వార్డులో నాతో హిందీలోనే మాట్లాడేవారు. ఆపరేషన్ మర్నాడు సార్ వచ్చి బాబా మోకాలు మెల్లగా వంచారు. అప్పుడు బాబా నోట్లోంచి ఇంగ్లీషు వచ్చింది.

"నెమ్మదిరా అబ్బాయ్! అది నా కాలు, పంపు హ్యాండిల్ కాదు!"

మాటలకి కాదు, ఆ యాసకి సార్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ 'ర'లు నాలుక మీద దొర్లడం, మాటల చివర మింగేయడం, అచ్చం సార్ మాట్లాడినట్టే. ఇంకా చెప్పాలంటే సార్ కన్నా చిక్కగా.

"నన్ను వెక్కిరిస్తున్నారా?" అన్నారు సార్, పాపం నిజంగానే.

"నేను నిన్నెందుకు వెక్కిరిస్తాను? నాకు ఇంగ్లీషు నేర్పినవాడు ఇలాగే మాట్లాడేవాడు. ఇంకో ఇంగ్లీషు ఉందని నాకు చాలాకాలం తెలీదు."

బాబా మిలిటరీ బ్యాండులో పనిచేసి రిటైరైన మనిషి. బ్యాండులో ఆయన వాయించింది బ్యాగ్‌పైపు, చంకలో గాలి తిత్తి పెట్టుకుని ఊదే వాయిద్యం. ఒమాన్‌లో బ్యాగ్‌పైపు బ్యాండ్లు మామూలే. ఒంటెల మీద కూర్చుని కూడా వాయిస్తారు. ఆయన కుర్రాడిగా చేరినప్పుడు నేర్పడానికి వచ్చినవాడు స్కాట్‌లాండ్ సిపాయి. పాటతోపాటు భాష కూడా ఆయన దగ్గరే వచ్చింది, తిట్లతో సహా.

సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బాబా చేత మరో నాలుగు మాటలు మాట్లాడించి, కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత నిట్టూర్చారు.

"ఇది మా పక్క ఊరి యాస. ఆ ఊరికీ మా ఊరికీ ఎప్పుడూ పడదు. ఇంతదూరం వచ్చింది వాళ్ళ గొంతు వినడానికా!"

"మరి నా కాలు ఎందుకు వంకరగా వంచుతున్నావో ఇప్పుడు తెలిసింది" అన్నారు బాబా.

ఇంటికి వెళ్ళాక కూడా బాబా వారంవారం ఫిజియోథెరపీకి వచ్చేవారు. అమెరికాయన పనిగట్టుకుని వచ్చి ఆయన పక్కన కూర్చునేవాడు. ఒకరోజు బాబా అతన్ని కిందనించి పైదాకా చూసి, "నువ్వు స్కాటిష్ అంటున్నావు. నీకు పైపు వచ్చా?" అని అడిగారు. రాదన్నాడు. "నాట్యం?" రాదు. "కిల్టు ఉందా?" లేదు. "మరి ఏముంది నీ దగ్గర?" అన్నారు బాబా. ఆ భారీ మనిషి మొహం చిన్నబోయింది.

కిల్టు అంటే స్కాట్‌లాండ్ మగవాళ్ళు కట్టే మోకాళ్ళ దాకా ఉండే గళ్ళ కుచ్చిళ్ళ బట్ట, ఒక్కో వంశానికి ఒక్కో రంగు గళ్ళు. మా ఆసుపత్రిలో ఏటా అన్ని దేశాల వాళ్ళూ తమ తమ బట్టలు వేసుకుని, వంటలు తెచ్చి బల్లల మీద పెట్టే రోజు ఒకటుంది. అది దగ్గర పడుతోంది. ఆ రోజు కిల్టు కట్టుకుని వచ్చి అందరి నోరూ మూయించాలని అమెరికాయన పట్టుదల. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది రాలేదు. చివరికి నా దగ్గరికి వచ్చాడు. "సిస్టర్, మీకు టైలరు ఎవరైనా తెలుసా? సార్‌కి మాత్రం చెప్పకండి."

నేనుండే అల్ అమెరాత్‌లో మా ఫ్లాటు కింద సందులో కడప భాయ్ ఒకాయన టైలరింగ్ షాపు పెట్టుకున్నాడు. ఇండియన్ స్కూలు యూనిఫారాలు, ఆడవాళ్ళ నల్ల అబాయాలు కుడతాడు. శనివారం పొద్దున్న అమెరికాయన్ని తీసుకెళ్ళి, ఫోన్‌లో బొమ్మ చూపించాను. భాయ్ ఫోను దూరం పెట్టీ దగ్గర పెట్టీ చూశాడు.

"ఏందక్కా ఇది? మొగోనికి లంగా కుట్టమంటావా?"

"లంగా కాదు భాయ్, వాళ్ళ దేశంలో మగవాళ్ళు కట్టుకునేదేనంట."

"ఏ దేశం?"

"స్కాట్‌లాండ్."

"ఈ సారు ఆ దేశపోడా?"

"కాదు. అమెరికా."

భాయ్ మెడలో టేపు సర్దుకున్నాడు. "అమెరికా ఆయనకి, స్కాట్‌లాండ్ లంగా, ఒమాన్‌లో కడపోడు కుట్టాల. యా అల్లా! సరే కానీ, గళ్ళ గుడ్డ యాడ తెచ్చేది? నా దగ్గర స్కూలు పిలకాయల పినాఫోర్ గుడ్డ ఉండాది. అది చాల్తాదా?"

ఎరుపూ పచ్చా గళ్ళ గుడ్డ. అమెరికాయనకి ఎంతో నచ్చింది. తమ వంశం రంగులు కూడా ఇలాగే ఉంటాయని ఒట్టేశాడు. కొలతలు తియ్యడానికి భాయ్ అతని చుట్టూ ప్రదక్షిణ చెయ్యాల్సి వచ్చింది. అసలు చిక్కు కుచ్చిళ్ళ దగ్గర వచ్చింది. ముందరా, వెనకా? ఫోన్‌లో బొమ్మ ముందువైపుది, అందులో మనిషి చేతిలో కత్తి అడ్డుగా ఉంది. అమెరికాయన తెల్లమొహం వేశాడు. భాయ్ నా వైపు చూసి తేల్చేశాడు.

"నీ చీర మాదిరి ముందర పెడతాలే అక్కా. కుచ్చిళ్ళు వెనకాల పెడ్తే ఎవురికి కనపడ్తాయి?"

మాకిద్దరికీ అది న్యాయంగానే తోచింది.

ఆ రోజు రానే వచ్చింది. కింద హాలులో బల్లలు వేశారు. మేం తెలుగు నర్సులం గవ్వలు, బూరెలు చేసి తెచ్చాం. స్కాట్‌లాండ్ బల్ల మీద సార్ ఒక ప్లేటులో బిస్కెట్లు పెట్టి, వెనకాల మామూలు ప్యాంటూ తెల్ల చొక్కాతో నిలబడ్డారు. బిస్కెట్లు కూడా లులూ సూపర్‌మార్కెట్‌లో కొన్నవే. ఇంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. కిల్టులో అమెరికాయన బయటికి వచ్చాడు. హాలంతా చప్పట్లు మొదలయ్యాయి. సార్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. అతని చుట్టూ మెల్లగా ఒకసారి తిరిగి వచ్చారు.

"కుచ్చిళ్ళు వెనక ఉండాలి" అన్నారు.

"మరి ఇప్పుడెలా?" అన్నాడు అమెరికాయన.

"ఇవాళంతా వెనక్కి నడువు. ఎవరికీ తెలీదు." మళ్ళీ గుడ్డ వేళ్ళతో పట్టుకుని చూశారు. "ఇది ఏ వంశం?"

అతను జవాబు చెప్పేలోపే రిసెప్షన్ అమ్మాయి దగ్గరికి వచ్చింది. "ఇది మా పక్కింటి పిల్ల యూనిఫాం కదా! ఇండియన్ స్కూల్లో ఆరో తరగతి."

సార్ పగలబడి నవ్వడం నేను చూడటం అదే మొదలు. కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఆరో తరగతి వంశమా! గొప్ప వంశం. నేను ఆ తరగతి దాటడానికి చాలా కష్టపడ్డాను" అన్నారు. అమెరికాయన కూడా తన ఇల్లెగిరే నవ్వు నవ్వాడు. కిల్టు మాత్రం సాయంత్రం దాకా విప్పలేదు.

అంతలో బాబా వచ్చారు. వాకర్ లేదు, కర్ర లేదు. ఇస్త్రీ చేసిన పొడవాటి అంగీ డిష్‌డాషా, తలకి కట్టుకున్న మస్సర్, చంకలో బ్యాగ్‌పైపు. మెడికల్ డైరెక్టర్ మేడమ్ ఆయన్ని స్వయంగా పిలిచారట. బాబా సంచి చంకలో అదిమి, గాలి నింపి వాయించడం మొదలుపెట్టారు. ఆ మోత హాలు గోడల మధ్య పట్టలేదు. సిబ్బంది పిల్లలు చెవులు మూసుకుని గెంతారు. సార్ చేతులు కట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డారు. పాట అయిపోయాక మెల్లగా అన్నారు. "చాలా బాగా వాయించారు. మా ఊళ్ళో ఇంత బాగా వాయిస్తే ఊరుకోరు."

"దీన్ని మీవాళ్ళు కనిపెట్టారని అంటారు. అబద్ధం. మా తీరంలో ఎప్పటి నించో మేకతోలు సంచితో ఊదుతున్నారు. మీరే మా దగ్గర నేర్చుకుని ఉంటారు" అన్నారు బాబా.

"మా కొండల్లోకి కూడా..." అని అమెరికాయన మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకేసారి అతన్ని "నువ్వుండు" అన్నారు.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. "అది మాదండి" అన్నాను. నా చిన్నప్పుడు మా ఊళ్ళో వీధి భాగోతం ఆడేటప్పుడు ఒక తాతగారు మేళంలో ఓ మూల కూర్చుని, తోలు తిత్తిలోకి గాలి ఊది, శ్రుతి పట్టుకునేవాడు. మొత్తం మేకతోలే. కాళ్ళు కూడా అలాగే ఉండేవి. అది చూసి నేను భయపడి మా నాన్న వెనక దాక్కునేదాన్ని. ఆ సంగతంతా చెప్పాను. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు.

"అయితే తెలుగువాళ్ళు కూడా స్కాటిషే" అన్నాడు అమెరికాయన.

"లేదు. ఇప్పుడు అర్థమైంది. నాది గోదావరి. అందుకే నాకు బూరెలు ఇంత నచ్చాయి" అంటూ సార్ ఇంకొకటి తీసుకున్నారు.

బల్లలు ఎత్తేశాక మిగిలినవి పట్టుకుని నలుగురం ఫిజియోథెరపీ గదిలో కూర్చున్నాం. బాబా నన్ను అడిగారు, మీ తిత్తి ప్రార్థనలో కూడా ఊదుతారా అని. లేదని చెప్పాను. మా చర్చిలో నా చిన్నప్పుడు హార్మోనియం కూడా ఉండేది కాదు. పెద్దవాళ్ళలో చాలామందికి చదువు రాదు, పాటల పుస్తకం చేతికిచ్చినా లాభం లేదు. అందుకని ఉపదేశిగారు ముందు ఒక చరణం గబగబా చెప్పేవారు. తర్వాత జనమంతా దాన్ని సాగదీసి పాడేవారు. ఎవరి సాగదీత వాళ్ళది. మా మామ్మ అందరికన్నా ఆఖర్న చేరేది. ఒక పాట అయ్యేసరికి ఎండ గుమ్మంలోంచి బల్ల దాకా వచ్చేది.

నవ్విస్తుందని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అమెరికాయన చేతిలో బూరె అలాగే ఉండిపోయింది.

"మా నాయనమ్మ చర్చిలో కూడా అంతే. కొండమీద చిన్న చెక్క చర్చి. ఒకాయన చరణం చెప్తాడు, మిగతావాళ్ళు ఏడ్చినట్టు సాగదీస్తారు. నేను స్కూల్లో చెప్తే అందరూ నవ్వేవారు. అలా పాడేవాళ్ళు ఇంకెక్కడా లేరనుకున్నాను" అన్నాడు. మొదటిసారి ఆ గొంతు చిన్నగా వినిపించింది.

మేం సార్ వైపు చూశాం. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు.

"మా అమ్మ పుట్టింది ఒక దీవిలో. వేసవి సెలవులకి వెళ్ళేవాళ్ళం. అక్కడా అంతే. వాయిద్యం ఉండదు. ఒక ముసలాయన లేచి చరణం ఎత్తుకుంటాడు, వెనకాల అందరూ అలల్లా వస్తారు. నాకు అది విసుగు. ఎప్పుడైపోతుందా అని బూట్లు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి." అమెరికాయన వైపు తిరిగారు. "మీ వాళ్ళు దాన్ని అంతదూరం మోసుకెళ్ళారా? ఫిడేలు, వేపుడు అంటావేగానీ, ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఇది మా ఇంటి సంగతి అనుకున్నాను" అన్నాడతను.

బాబా బల్ల మీద చేత్తో తట్టారు. "అయితే పాడండి. ముగ్గురూ. నేను వింటాను."

అమెరికాయన తన నాయనమ్మ పాడిన చరణం చెప్పాడు. తర్వాత ముగ్గురం సాగదీశాం. అతను ఇంగ్లీషులో, సార్ వాళ్ళమ్మ దీవి భాషలో గుర్తున్న నాలుగు ముక్కలతో, నేను తెలుగులో నాకు తోచిన పాటతో. ముగ్గురివీ మూడు రాగాలు, ఒకరి కోసం ఒకరు ఆగలేదు. మొదట్లో సార్ బూట్లే చూసుకుంటున్నారు. ఒకచోట మాత్రం, అనుకోకుండా, ముగ్గురం ఒకే స్వరం మీద చేరి ఆగాం. ఆ కాసేపూ నాకు మా మామ్మ పక్కన చాప మీద కూర్చున్నట్టే అనిపించింది. వెంటనే మళ్ళీ ఎవరి దారిన వాళ్ళం విడిపోయాం.

బాబా రెండు చెవులూ మూసుకున్నారు. "చాలు! ఆపండి! నా కొత్త మోకాలు నొప్పెడుతోంది."

సార్ లేచి వెళ్ళి, అమెరికాయన భుజం మీద చెయ్యి వేశారు. "సరే. నువ్వు స్కాటిషే. గురువారాలు మాత్రం. మిగతా రోజులు ప్రవర్తన చూసి చెప్తాను."

ఆ మనిషికి అది చాలు. అప్పట్నించి ప్రతి గురువారం పొద్దున్నే సార్ గది గుమ్మంలో నిలబడి, "ఇవాళ నేను మీవాణ్ణి" అని చెప్పి మరీ ఐసీయూకి వెళ్ళేవాడు. సార్ తలెత్తకుండా "తెలుసు, పనిచూసుకో" అనేవారు. ఏ గురువారమైనా అతను రాకపోతే మాత్రం, పది దాటాక నాకు ఫోన్ చేసి, "ఆ గొర్రెదొంగ ఇవాళ డ్యూటీకి రాలేదా?" అని వాకబు చేసేవారు.

వెంటిలేటర్ల పని అయిపోయి అమెరికాయన వెళ్ళిపోయే ముందు, ఆగస్టులో, ఇద్దర్నీ సలాలా తీసుకెళ్ళాను. మా ఆయన అక్కడ రైసూత్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఏడాదంతా ఎండిపోయి ఉండే ఒమాన్‌లో ఆ ఒక్క మూలన జులై, ఆగస్టు నెలల్లో సన్నటి తుంపర పడుతుంది. దాన్ని ఖరీఫ్ అంటారు. కొండలు పచ్చబడతాయి, మంచు కమ్ముకుంటుంది. జనం ఎక్కడెక్కడి నించో కార్లలో వచ్చి, ఆ తడిగడ్డి మీద చాపలు పరుచుకుని, తుంపరలో కూర్చుని తింటారు.

మా ఆయన కారు ఆపగానే సార్ కిందకి దిగి అలాగే నిలబడిపోయారు. బూడిదరంగు ఆకాశం, కనిపించీ కనిపించని కొండ, తడిసిన ఆవులు, నానుతూ నవ్వుతున్న జనం.

"వీళ్ళు డబ్బు పెట్టి దీనికోసమే వచ్చారా?" అని అడిగారు నన్ను.

"అవునండి, సెలవు పెట్టుకుని మరీ."

పక్కన చాప మీదున్న ఒమానీ కుటుంబం మమ్మల్ని పిలిచి అరబ్బీ కాఫీ కహ్వా, హల్వా పెట్టింది. ఆ ఇంటి పెద్ద చెయ్యి చాచి కొండనీ మంచునీ చూపించి, చాలా గర్వంగా అడిగాడు. "మీ దేశంలో ఇలాంటి వాన ఉంటుందా?"

ఇన్నాళ్ళుగా సార్ తన దేశం గురించి ఒక్క మంచి మాట చెప్పగా నేను వినలేదు. ఆయన కప్పు కింద పెట్టి నిటారుగా కూర్చున్నారు.

"ఉంటుంది. మా వాన దీనికన్నా చాలా బాగుంటుంది. అడ్డంగా కూడా పడుతుంది."

ఆ పెద్దమనిషి నమ్మలేదు. సార్ చేత్తో అడ్డంగా చూపిస్తూ వివరించారు. అమెరికాయన పక్కన చేరి సాక్ష్యం చెప్పాడు, అతనెప్పుడూ ఆ దేశం వెళ్ళకపోయినా. అలా వాళ్ళు ముగ్గురూ వానల గురించి వాదించుకుంటుంటే తుంపర కాస్త చిక్కబడింది. చాప మీదున్న ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కుని నవ్వుకున్నారు. సార్ బట్టతల మీంచి నీళ్ళు చెవుల వెనక్కి కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

మా ఆయన నా పక్కకి జరిగి, "ఈయనకి రేపు జ్వరం వస్తే ఎవరు చూస్తారే?" అన్నాడు.

"నాకేం తెలుసండి, నేను లీవులో ఉన్నాను" అన్నాను. చున్నీ తల మీదకి లాక్కుని, ఇంకో కప్పు కహ్వాకి చెయ్యి చాచాను.